సగం చీకటి నాదే

నేను కార్బన్ ఆర్క్ ప్రొజెక్టర్‌ని. మంచిర్యాలలో ఒక సినిమా హాలు మేడమీది క్యాబిన్ నా ఇల్లు. నా వెలుతురు పుట్టేది రెండు కార్బన్ పుల్లల మధ్య. అవి సింగరేణి బొగ్గుకు దాయాదులే. వాటి కొసల్ని తాకించి కాస్త ఎడం చేస్తే, ఆ సందులో 3,500 డిగ్రీలు దాటిన వేడితో తెల్లని జ్వాల నిలబడుతుంది. పుల్లలు కాలి పొట్టివవుతున్న కొద్దీ ఆపరేటర్ నల్లద్దంలోంచి చూస్తూ, మర తిప్పి సందు సరిచేయాలి. ఆదమరిచాడా, తెర మసకబారుతుంది, హాల్లో ఈలలు మొదలవుతాయి. వెలుతురు పనిముట్టునై ఉండి చీకటి తరఫున మాట్లాడబోతున్నాను కనుక నా అర్హత కూడా చెప్పుకోవాలి. సెకనుకు 24 బొమ్మలు నా ముందు నుంచి నడుస్తాయి. ఒక బొమ్మ జరిగి మరొకటి వచ్చేలోగా షట్టర్ రెక్క నా వెలుతురును ఆపుతుంది. బొమ్మ నిలిచి ఉన్నప్పుడూ ఇంకోసారి ఆపుతుంది. లెక్క కడితే రెండు గంటల సినిమాలో దాదాపు గంటసేపు తెర మీద ఏమీ ఉండదు. టికెట్టు కొన్న ప్రతివాడూ సగం చీకటినే చూసి ఇంటికి పోతాడు. (బొమ్మల్ని ఒక్కొక్కటిగా లాగే నా చక్రం పేరు మాల్టీస్ క్రాస్. జాన్ హ్యూస్టన్ 1941లో తీసిన ‘మాల్టీస్ ఫాల్కన్’కూ దానికీ చుట్టరికం లేదు, పేరు కలిసిందంతే.)

ఆ ‘మాల్టీస్ ఫాల్కన్’ లాంటి హాలీవుడ్ నేర కథలకే 1946లో ఫ్రెంచి విమర్శకుడు నీనో ఫ్రాంక్ ఫిల్మ్ నోయిర్ అని పేరు పెట్టాడు. జనం వాటిని హంతకుడెవరో తెలుసుకోవడానికి చూస్తారు. క్లైమాక్స్ చెప్పేస్తే సినిమా చచ్చిపోయిందంటారు. నేనొప్పుకోను. ఈ సినిమాల్లో చూడవలసింది హంతకుణ్ణి కాదు, చీకటిని ఎక్కడెక్కడ ఎంతెంత అమర్చారన్నది. బిల్లీ వైల్డర్ ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) మొదలైన కాసేపటికే, చంపింది నేనేనని హీరో డిక్టాఫోన్‌లో చెప్పేస్తాడు. అయినా ఎవరూ సీటు వదలరు. కెమెరామన్ జాన్ సైట్జ్ కిటికీ పట్టీల నీడల్ని ఆ మనిషి మీద ఊచల్లా పడేశాడు. ఎండ కిరణంలో దుమ్ము కనబడాలని అల్యూమినియం పొడి చల్లించాడు. నేరస్థుడు జైలుకు పోకముందే జైల్లో ఉన్నాడని నీడ చెబుతుంది, కథ చెప్పదు. కెరోల్ రీడ్ ‘థర్డ్ మ్యాన్’ (1949)లో అసలు మనిషి హ్యారీ లైమ్ గంటకు పైగా కనబడడు. వియన్నాలో ఒక రాత్రి, ఒక గుమ్మం, నీడలో ఒక జత బూట్లు, వాటి దగ్గర ఒక పిల్లి. మేడ మీద ఎవరో దీపం వేస్తారు. చచ్చిపోయాడనుకున్నవాడి మొహం మీద వెలుతురు పడుతుంది, చిన్న నవ్వు, మళ్లీ చీకటి. రాబర్ట్ క్రాస్కర్‌కు ఆస్కార్ వచ్చింది ఈ సినిమా ఛాయాగ్రహణానికే. లైమ్ బతికే ఉన్నాడని తెలిసి చూసినా ఆ నవ్వు పాతబడదు. ఇక్కడ నా సాక్ష్యం ఒకటుంది. నలుపు తెలుపు రీలులో నీడ అంటే ఖాళీ కాదు, దట్టంగా కూడిన వెండి రేణువులు. రంగుల రీలులో వెండి తీసేస్తారు, రంగులే మిగులుతాయి. నలుపు తెలుపులో తెర ఎంత చీకటిగా ఉంటే ఆ బొమ్మలో అంత వెండి ఉన్నట్టు.

వియన్నా నీడలతో మంచిర్యాలకేం పని అని అడగొచ్చు. మందమర్రి, శ్రీరాంపూర్ బొగ్గు బాయిల్లో దిగినవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. ల్యాంప్ రూములో తీసుకున్న దీపం టోపీకి తగిలించుకుని దిగితే, దాని వెలుతురు పడ్డ గుండ్రటి చోటే లోకం. మిగతాదంతా చప్పుడును బట్టి ఊహించుకోవాలి. నోయిర్ కెమెరామన్ చేసేదీ ఇదే. ఒక్క దీపం పెడతాడు, మిగిలింది మన భయానికి వదిలేస్తాడు. షిఫ్టంతా చీకట్లో గడిపినవాడు మళ్లీ చీకటి కోసం డబ్బులిస్తాడా, రంగులే కోరుకుంటాడు కదా అంటారు. ఆ మాటలో బలం ఉంది. రంగులొచ్చాక నలుపు తెలుపు నిలవలేదు. కానీ బాయిలో చీకటి ఎవరి మాటా వినదు, పైకప్పు ఎప్పుడు దిగుతుందో చెప్పదు. తెర మీది చీకటిని ఒక మనిషి కొలిచి పెట్టాడు. అసలు చీకటి తెలిసినవాడే ఆ కొలతలో నేర్పు బాగా పట్టగలడు.

పాటలూ హాస్యమూ కలిపిన మన సినిమాలకు నోయిర్ పేరు తగదన్నది ఇంకో ఆక్షేపణ. పాటను తప్పు పట్టడం అన్యాయం. ‘రోజులు మారాయి’ (1955)లో నాట్యం చేసిన వహీదా రెహమాన్ మరుసటి ఏడాది రాజ్ ఖోస్లా ‘సి.ఐ.డి.’లో ప్రతినాయకుడి పక్షాన ఉండే ఆడమనిషి అయింది. హీరోను తప్పించడానికి విలన్ దృష్టి మళ్లిస్తూ ఆమె పాడుతుంది. ఆ పాట తీసేస్తే కథే కుంటుపడుతుంది. అదే దర్శకుడి ‘వో కౌన్ థీ’ (1964)లో మంచులోంచి వినబడే పాటే అనుమానానికి మూలం. ఆ కథ 1966లో జగ్గయ్య, జయలలితలతో ‘ఆమె ఎవరు?’గా తెలుగులోకి వచ్చింది. మద్రాసులోనే 1954లో ఎస్.బాలచందర్ ‘అంద నాళ్’ను ఒక్క పాటా లేకుండా తీశాడు నిజమే. అయితే అది గొప్పదైంది పాటలు లేనందుకు కాదు, శివాజీ గణేశన్ అంతటివాణ్ణి ద్రోహపు నీడలో నిలబెట్టినందుకు. మన తెలుగు థ్రిల్లర్లు తడబడింది ఇక్కడే. ‘లక్షాధికారి’ (1963) లాంటి మంచి మిస్టరీలో కూడా స్టారు మొహం మీద వెలుతురు తగ్గించడానికి ఎవరికీ చేతులు రావు. నేర్పు లేక కాదు. ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’లలో మార్కస్ బార్ట్‌లీ ఏ రంగూ లేకుండా వెన్నెల కురిపించాడు. మనవాళ్ల పనితనమంతా వెన్నెలకు పోయింది, నేరానికి మిగల్లేదు.

నా తర్వాత జినాన్ దీపాలొచ్చాయి, వాటి తర్వాత డిజిటల్ వచ్చి రీలే పోయింది. నలుపు విషయంలో కొత్త టీవీలు కొన్ని నన్ను మించాయి. తలుపు తెరిచినా, ఎవరో బీడీ ముట్టించినా నా తెర మీది చీకటి పలచబడేది. కాబట్టి హాలు లేకపోతే ఈ సినిమాలు చూడలేమన్న మాట నేననను. పట్టపగలు, బస్సులో, ఫోన్‌లో చూసి, నెమ్మదిగా ఉంది, మొహాలు కనబడవు అని తీర్పు చెప్పేవాళ్లతోనే నాకు పేచీ. ‘థర్డ్ మ్యాన్’, ‘సి.ఐ.డి.’, ‘అంద నాళ్’ రాత్రిపూట, గదిలో లైటు ఆర్పి చూడండి. కథ తెలిశాక రెండోసారి చూడండి. ఆ రెండోసారి మాత్రం మాటలు వదిలేసి, దీపం ఎటువైపు నుంచి వస్తోందో చూడండి.