పదిహేనో రాయి

క్యోటోలో జనవరి తెల్లవారుజామున లేస్తూనే కిటికీ తెర తీసి, ఎదురింటి కప్పు తెల్లబడిందా లేదా అని చూసే మనిషి ఒకడుంటాడు. ఏ దేశంవాడైనా వాలకం ఒక్కటే. చలికి చార్జింగు దిగిపోతుందని మొహం కడుక్కోకముందే కెమెరా బ్యాటరీని బనీనులో దోపుకుంటాడు.

ఈయన ఏకాంతప్రియుడు. ఏప్రిల్ చెర్రీపూల మాటో, నవంబరు ఎర్రాకుల మాటో ఎత్తారా, మూతి మూడు వంకర్లు పోతుంది. “తిరనాళ్లండీ అవి! తోట అసలు రూపం బయటపడేది ఆకు రాలాకే.”

మంచు పడిందంటే పరుగు బంగారు మందిరం కింకకుజికే. ఎండెక్కితే పైకప్పు మీద మంచు జారిపోతుందని కంగారు. గేటు తీసేది తొమ్మిదికి, ఈయన ఎనిమిదికే హాజరు. అప్పటికే బారెడు వరస, అందరూ ఏకాంతప్రియులే! ముందు నిలబడ్డాయనకు, అడక్కపోయినా, 1950లో ఒక కుర్ర సన్యాసి దీన్ని తగలబెట్టాడనీ, ఇప్పుడున్నది 1955లో మళ్లీ కట్టిందనీ చెప్తాడు. ఆయనా అదే చెప్పబోతున్నాడు పాపం.

అక్కణ్ణుంచి ర్యోఆన్‌జి గుడికి. చలికాలంలో అది ఎనిమిదిన్నరకే తెరుస్తారు, ముందు ఇటే రావచ్చు. కానీ చెబితే వింటాడా?

అసలు పరీక్ష ఇక్కడే. బూట్లు విప్పాలి. విప్పగానే కుడికాలి సాక్సులోంచి బొటనవేలు తొంగిచూసింది. క్యోటో చలి పైనుంచి కాదు, నేలలోంచి ఎక్కుతుంది. దాన్ని అక్కడివాళ్లు ‘సొకొబిఎ’ అంటారు. ఇనుపపొడితో వేడెక్కే ‘కైరో’ పొట్లాలు రెండున్నాయి, రెండూ కోటు జేబుల్లోనే. కాళ్ల సంగతి కొనేటప్పుడు తట్టలేదు.

ముందు తెల్లటి గులకరాళ్ల తోట, అందులో పదిహేను రాళ్లు. వసారాలో ఎక్కడ కూర్చున్నా ఒకేసారి పద్నాలుగుకు మించి కనిపించవు. దీన్ని ఎవరు రూపొందించారో ఇప్పటికీ తేలలేదు. ఈయన మాత్రం తేల్చేశాడు, ఎవరైనా అడగడమే తరువాయి.

లెక్క మొదలైంది. పొట్టి రాళ్ల మీద మంచు పేరుకుని, పన్నెండు దగ్గర ఆగింది. కూర్చున్నచోటే ఎండ్రకాయలా ఎడమకు జరిగాడు. పదమూడు. అటునుంచి ఇంకో ఏకాంతప్రియుడు కుడికి జరుగుతూ వస్తున్నాడు, పెదాలు కదుపుతూ. ఇద్దరి మోకాళ్లూ తగిలాయి. ఇద్దరూ వంగి దణ్ణాలు పెట్టుకున్నారు, లేచి చోట్లు మార్చుకున్నారు, మళ్లీ ఒకటి నుంచి ఎత్తుకున్నారు.

వంగినప్పుడు ఈయన కంట పడింది: అవతలాయన సాక్సుకూ చిల్లే, ఎడమకాలికి.