బోర్డుకు గాయం కాకూడదు

ఏ పారిశ్రామికవాడకైనా వెళ్ళండి, ఫ్యాక్టరీ గేటు పక్కన ఓ ఆకుపచ్చ బోర్డు కనిపిస్తుంది. 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అని రాసి, ఎదురుగా ఓ నాలుగంకెల సంఖ్య వేసి ఉంటుంది. లోపల మెట్లు తుప్పు పట్టి ఉండొచ్చు, డ్రెయిన్ల మీద మూతలు లేకపోవచ్చు, బోర్డు మాత్రం నిగనిగలాడుతుంది. ప్లాంటు మొత్తంలో రోజూ క్రమం తప్పకుండా మెయింటెనెన్స్ జరిగేది దానికే. అది చూసి లోపలి మనుషులంతా కులాసా అనుకుంటే మన అమాయకత్వం. బోర్డు తన కులాసా తాను చెప్పుకుంటోంది, అంతే.

పాపం, ఆ బోర్డును ఒంటి మీద గీత పడకుండా పెంచుకు రావడం మాటలు కాదు. ఫ్యాక్టరీల చట్టం 1948లో 88వ సెక్షన్ అని ఒకటుండేది. ప్రమాదంలో మనిషి చనిపోయినా, 48 గంటలూ ఆపైన పనికి రాలేనంత గాయమైనా అధికారులకు తెలియజేయాలి. గాయాలు లెక్కకు రావాలని చట్టం రాసినవాళ్ళ ఆశ. మనవాళ్ళు అదే సెక్షన్‌ను ఇంకోలా చదువుకున్నారు: 48 గంటలు తిరక్కుండా మనిషిని గేటు లోపలికి తెచ్చేస్తే గాయమే కాలేదన్నమాట! అందుకే ప్రెస్ మెషీన్‌లో వేళ్ళు నలిగిన కుర్రాడి ఇంటి ముందు మర్నాడు పొద్దున్నే కంపెనీ కారు ఆగుతుంది. ఇన్నేళ్ళూ షేర్ ఆటోలో వేలాడుతూ వచ్చినవాడికి ముందు సీటు. ఆఫీసులో ఏసీ కింద కుర్చీ, అడక్కుండా టీ. మిగిలిన చేత్తో ఫైళ్ళ మీద దుమ్ము దులపాలి. దీని పేరు 'లైట్ డ్యూటీ'. ఈఎస్ఐ ఆస్పత్రికి పంపితే కాగితం పుడుతుంది కాబట్టి కట్టు కట్టించేది తెలిసిన నర్సింగ్ హోమ్‌లో. బిల్లు కంపెనీయే కడుతుంది. కట్టు కట్టినందుకు కొంత, నోరు కట్టేసుకున్నందుకు ఇంకొంత.

ఇంతకన్నా సుళువు ఇంకోటుంది. గాయపడ్డవాడు మనవాడే కాదనెయ్యడం. కంపెనీ పనిని కాంట్రాక్టరుకిస్తుంది, అతను సబ్ కాంట్రాక్టరుకిస్తాడు, అతను మేస్త్రీకి చెబుతాడు, మేస్త్రీ నిన్న రాత్రి రైలు దిగిన పదిమందిని తెస్తాడు. రియాక్టర్ కంపెనీది, అందులో ఉడికే సాల్వెంటు కంపెనీది, కాలిన చర్మం మాత్రం మేస్త్రీ పద్దులోది. నిజానికి ఏజెన్సీ ద్వారా వచ్చినా, కాంట్రాక్టరు ద్వారా వచ్చినా చట్టం దృష్టిలో వాడూ వర్కరే. బోర్డు ఇంకా ఆ పేజీ దాకా వచ్చినట్టు లేదు.

రోజులను ఇంత జాగ్రత్తగా లెక్కపెట్టే పరిశ్రమలు మనుషులను ఎలా లెక్కపెడతాయో 2025 జూన్ 30న పాశమైలారంలో చూశాం. సిగాచీ ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగాక ఆ పూట లోపల ఎందరున్నారు, ఎందరు బయటపడ్డారన్న లెక్క రోజుల తరబడి మారుతూనే ఉంది. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో వచ్చిన బంధువులు గేటుకూ ఆస్పత్రికీ మధ్య తిరిగారు. డీఎన్‌ఏ పరీక్షలయ్యాక మృతులు 46 మంది అన్నారు. మరో 8 మంది ఆచూకీ ఇక దొరకదని తేల్చేశారు.

సరే, మార్చి 4 దగ్గరికొద్దాం. 1966లో జాతీయ భద్రతా మండలి ఏర్పడిన రోజది, కాబట్టి జాతీయ భద్రతా దినం. ఆ వారమంతా ఫ్యాక్టరీలో పెళ్ళి సందడి. స్లోగన్ల పోటీ, ముగ్గుల పోటీ, క్విజ్. ఫస్టు ప్రైజు ఎప్పుడూ అకౌంట్స్ సెక్షన్‌కే వస్తుంది, షాప్ ఫ్లోర్ నుంచి రావడానికి ఎవరికి తీరిక? ఎండలో నిలబెట్టి ప్రతిజ్ఞ చేయిస్తారు. ఆ పూట బయటికి తీసిన కొత్త హెల్మెట్లు సాయంత్రానికి లెక్క ప్రకారం స్టోర్‌లోకి వెళ్ళిపోతాయి. త్రుటిలో తప్పిన ప్రమాదాలు రాసుకునే రిజిస్టర్ సంగతి అడక్కండి. ఏడాది పొడుగునా ఖాళీగా ఉండి, ఆడిట్ ముందు రాత్రి మూడు రంగుల పెన్నులతో నిండుతుంది.

భద్రత మీద ఏ ఉపన్యాసం విన్నా తిరిగి తిరిగి హెల్మెట్ దగ్గరికే ఎందుకొస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? హెల్మెట్ పెట్టుకోవాల్సింది కార్మికుడు. పెట్టుకోకపోతే తప్పు అతనిది. అదే లీకయ్యే ఫ్లాంజి, పనిచేయని గ్యాస్ డిటెక్టర్, స్పార్క్ వచ్చే ప్యానెల్ గురించి మాట్లాడితే ఉపన్యాసకుడు వేలు చూపించాల్సిన దిక్కు మారిపోతుంది. ఆ దిక్కున కూర్చున్నవాళ్ళే కదా అతనికి శాలువా కప్పేది! 2024 ఆగస్టు 21 మధ్యాహ్నం అచ్యుతాపురంలో, ఎసెన్షియా ఫార్మా ప్లాంటులో పైనుంచి కారిన సాల్వెంటు కింది అంతస్తు దాకా దిగింది. ఆవిరై ఎలక్ట్రికల్ ప్యానెళ్ళ దగ్గర అంటుకుంది. 17 మంది పోయారు. ఆ ఆవిరికి ఏ రంగు హెల్మెట్ అడ్డం పెట్టాలో ఎవరైనా స్లోగన్ రాసి పంపగలరు.

ఇక అలారం. మన ప్లాంట్లలో అలారం అంటే కొత్త కోడలి లాంటిది. నోరెత్తితే చాలు, ముందు నోరు మూయిస్తారు, ఎందుకెత్తిందో తరవాత చూద్దాంలే అంటారు. డిటెక్టర్ మాటిమాటికీ కూస్తోందని దానికి ప్లాస్టిక్ కవరు తొడుగుతారు. ఇంటర్‌లాక్ వల్ల బ్యాచ్ ఆగిపోతోందని దాన్ని బైపాస్ చేస్తారు. టార్గెట్ అయ్యాక మళ్ళీ పెడదామనుకుంటారు కానీ టార్గెట్ ఎప్పుడవుతుంది గనక? 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరిన్ ఆవిరి వెంకటాపురం మీదికి వచ్చింది. సైరన్‌ను 36 చోట్ల నుంచి మోగించే ఏర్పాటుందని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసింది. ఆ 36లో ఒక్క చోటి నుంచీ ఎవరూ మోగించలేదు. నిద్రలో ఉన్న ఊరిని లేపింది గొంతులో మంట. ట్యాంకును చల్లబరిచే యంత్రాన్ని సాయంత్రం అయ్యేసరికి ఆపేసేవారని కూడా ఆ నివేదికలోనే ఉంది. స్టైరిన్ కూడా జనరల్ షిఫ్టే చేస్తుందని, అయిదింటికి పంచ్ కొట్టి ఇంటికెళ్ళిపోతుందని అనుకున్నట్టున్నారు.

వీటన్నిటికీ లక్షల ఖర్చుంది, ఒప్పుకుందాం. తాడుకెంతవుతుంది? ట్యాంకు, మ్యాన్‌హోల్, పిట్ లాంటి ఇరుకు చోటికి మనిషిని దింపేముందు ఏం చెయ్యాలో ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్ అరటిపండు ఒలిచినట్టు చెప్పింది. లోపలి విషవాయువు తొలగించాలి. పరీక్షించి, అర్హుడైనవాడు రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదంటే దిగేవాడికి ఊపిరి పరికరం పెట్టి, నడుముకు బెల్టు కట్టి, బెల్టుకు తాడు కట్టి, ఆ తాడు రెండో కొస బయట ఇంకో మనిషి పట్టుకోవాలి. కాంట్రాక్టు కూలీని తాడూ బొంగరం లేనివాడని చులకన చేస్తాం గానీ, బొంగరం సంగతి ఎలా ఉన్నా తాడు మాత్రం ఇచ్చి తీరాలని చట్టం ఏనాడో చెప్పింది.

జరిగేదేమిటి? పర్మిట్ పుస్తకంలో సంతకాలు పొద్దున్నే గుత్తగా అయిపోయి ఉంటాయి. పని పేరు తరవాత ఎవరైనా రాసుకోవచ్చు. మేస్త్రీ వంగి, తన ముక్కుతో గాలి పరీక్షిస్తాడు. 'వాసనేం లేదు, దిగరా' అంటాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు మించితే మొట్టమొదట చచ్చేది ముక్కే. వాసన లేదంటే గ్యాస్ లేదనీ కావచ్చు, కావలసినదానికన్నా ఎక్కువ ఉందనీ కావచ్చు. మొదట దిగినవాడు పలకడు. ఏమైందో చూద్దామని వాడి బావమరిది దిగుతాడు. ఇద్దర్నీ లాగుదామని మూడోవాడు. మర్నాటి పేపర్లో జిల్లా పేరు మారుతుంది, వరస మాత్రం ఇదే. ఆ మూడోవాడి తెగువను అందరం మెచ్చుకుంటాం. ఒక్క తాడుంటే ఆ తెగువతో పనే లేదన్న మాట సంతాప సభలో బాగుండదు.

తరవాత కమిటీ. కమిటీకి చాలా ఇష్టమైన మాట 'మానవ తప్పిదం'. ఆ మానవుడు ఎవరంటే వాల్వు తిప్పినవాడు. వాల్వు మార్చమని వచ్చిన ఇండెంటును మూడుసార్లు వెనక్కి పంపినవాడు మానవుల జాబితాలో రాడు. పైగా తప్పు చేసినవాడు బతికి లేడు, సంజాయిషీ అడగడానికి. నిన్నమొన్నటి దాకా ఫ్యాక్టరీల చట్టంలో భద్రతా నిబంధన మీరి మనిషి చనిపోతే వేసే కనీస జరిమానా 25,000 రూపాయలు. నాలుగంకెల బోర్డుకు ఎల్‌ఈడీ లైట్లు పెట్టించినా అంతకన్నా ఎక్కువవుతుంది. ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్ దాన్ని 5 లక్షలు చేసింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన ఆ కోడ్‌లో ఇన్‌స్పెక్టర్ పేరు కూడా మారింది. ఇప్పుడాయన 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్'. తనిఖీతో పాటు చెయ్యందించి సాయం కూడా చేస్తాడట, యాజమాన్యాలు అంత దిక్కులేని స్థితిలో ఉన్నాయి కాబట్టి. మంచిదే. ట్యాంకు బయట తాడు రెండో కొస పట్టుకుని నిలబడాల్సిన ఆ రెండో మనిషికి రోజు కూలి మాత్రం ఇప్పటికీ ఏ మేస్త్రీ రేటులోనూ కలవలేదు.