డివైడరు సందు మూయించిన ఏలినవారి సముఖానికి

విషయం: ఊరి ఎదుట డివైడరులో ఉండిన సందు.

డివైడరు అంటే వచ్చే బండ్లనూ పోయే బండ్లనూ వేరుచేయడానికి రోడ్డు నడుమ పోసే కట్ట. దాని మీద గన్నేరు, కాగితప్పూల చెట్లు పెంచుతారు. పక్క చేలో చెనక్కాయ ఎండిపోతున్నా వాటికి మాత్రం ట్యాంకరుతో నీళ్లు పోస్తారు. ఊరి దగ్గర మనుషులూ గొర్లూ ట్రాక్టర్లూ దాటడానికి ఆ కట్టలో విడిచిపెట్టే ఖాళీయే సందు. అనంతపురం జిల్లా రాప్తాడు చుట్టుపక్కల ఒక పల్లె ఎదుట అలాంటి సందు ఉండేది. పోయిన వారం రాత్రికి రాత్రి సిమెంటు దిమ్మెలు దించి దాన్ని మూసేశారు. ప్రజల క్షేమం కోసం నిద్ర మానుకున్న ఏలినవారికి పల్లె రుణపడి ఉంది. తెల్లవారి చేనికి బయలుదేరినప్పుడు గాని సందు మూసిన సంగతి ఎవరికీ తెలియలేదు.

రోడ్డు నక్షా నిలువుగా సాగుతుంది, పల్లె బతుకు అడ్డంగా సాగుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి శ్రీనగర్ నుంచి కన్యాకుమారికి పోతుంది. రాప్తాడు రైతుకు ఆ రెండు ఊళ్లతోనూ పని లేదు. ఇంటినుంచి చేనికి పోవాలి, చేనినుంచి ఇంటికి రావాలి. నక్షాలో ఆ ప్రయాణం కనబడదు, ఎందుకంటే దానికి టోలు లేదు.

సందు వల్ల ప్రమాదం లేదని ఎవరూ అనరు. నాలుగు వరుసల రోడ్డును గంటకు 100 కిలోమీటర్ల వేగానికి లెక్కగట్టి గీస్తారు. ఆ వేగంలో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అడ్డం కనబడ్డాక ఆగడానికి 180 మీటర్లు కావాలని ఇంజినీర్ల పుస్తకమే చెబుతుంది. కట్టకు ఒక పక్క రెండు వరుసలూ, అంచూ కలిపి ఎనిమిదిన్నర మీటర్లు. సెకనుకు 1.2 మీటర్లు నడిచే మనిషికి అది దాటడానికి ఏడు సెకన్లు పడుతుంది. ఈలోపు లారీ సుమారు 200 మీటర్లు వస్తుంది. గొర్ల మందకు ఎంతసేపు పడుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. ముందరి గొర్రెకు బుద్ధి పుట్టినంతసేపు పడుతుంది. సరే, మూశారు. మరి దాటేదెలా? అవతలి సందు దాకా కిలోమీటర్లు పోయి, తిరిగి అంత దూరం రావాలి. డీజిలు ఎవరు పోస్తారు? అందుకే ట్రాక్టర్లన్నీ ఇప్పుడు రోడ్డు అంచున ఎదురుగా, రాంగ్ రూట్‌లో వస్తున్నాయి. ఎనిమిదిన్నర మీటర్ల ప్రమాదాన్ని ఏలినవారు కిలోమీటర్ల పొడవు సాగదీశారు.

దీనికి మందు రోడ్డు కింద దారి. నాలుగు వరుసల రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వేసిన ఎస్పీ 84 అనే మాన్యువల్‌లో అదీ ఉంది. దాని 2014 కూర్పులో మనుషులకూ పశువులకూ వేసే కింది దారికి 3 మీటర్ల ఎత్తు చాలునన్నారు. ఏనుగులు, ఒంటెలు తరచుగా దాటే చోట 4.5 మీటర్లు చేయాలన్నారు. అనంతపురం జిల్లాలో ఒంటె మీద చేనికి పోయేవాళ్లు లేరు. చెనక్కాయ కట్టె నిండా వేసుకొచ్చే ట్రాక్టర్లు ఉన్నాయి. ఆ కట్టె 3 మీటర్ల కప్పు కింద పట్టదు. ఒంటె గుర్తొచ్చినవాడికి కట్టె ట్రాక్టరు గుర్తు రాలేదు. కొన్నిచోట్ల కప్పు ఎత్తు కుదర్చడానికి నేలను తవ్వి దించుతారు, తొలివానకే అది కుంట అవుతుంది. గీసినవాడు ఒక్కసారి, వాన కురిసిన మర్నాడు, చెప్పులు చేతపట్టుకుని అందులో దిగి చూడాలి.

వాన మాట వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. ఈ జిల్లాకు ఏడాదికి దక్కేది సుమారు 550 మిల్లీమీటర్లు. పదిహేడు మీటర్ల వెడల్పు తారు మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే కిలోమీటరుకు 1,70,000 లీటర్లు. ఆ నీళ్లు రోడ్డు కింది మోరీ ఎటు చూపితే అటు పోతాయి. మోరీని కుంట వైపు తిప్పితే బోర్లకు ప్రాణం, ఎక్కడో ఒకచోట పెడితే ఎవరిదో చేను కోత. ఇథియోపియాలోని టిగ్రాయ్ అనే కరవు పీఠభూమిలో రోడ్డు నీళ్లను కుంటలకూ చేలకూ మళ్లించి ఊటను పెంచుకున్నారు. ఆ పద్ధతి మీద 2021లో ప్రపంచ బ్యాంకు పుస్తకమే వేసింది. మహారాష్ట్ర బుల్ఢాణాలో చెరువులు తవ్వి ఆ మట్టితోనే రోడ్డు కట్టలు పోశారు.

ఇక్కడి నేలకు నీళ్లు నిలపడం కొత్త విద్య కాదు. పండమేరు వంకకు అడ్డంగా బుక్కరాయసముద్రం చెరువును 14వ శతాబ్దంలోనే కట్టారు. దాని గండి పూడ్చడానికి ముసలమ్మ అనే ఆవిడ ప్రాణమిచ్చిందన్న కథనే కవి కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం చేశారు. వంకకు దారి ఇవ్వకపోతే ఏమవుతుందో 2024 అక్టోబరులో అదే పండమేరు పొంగి అనంతపురం శివారు కాలనీల్లోకి వచ్చి చూపించింది. 

సందు మూసే ముందు పల్లెను ఎందుకు అడగలేదంటే, అడగాలని లేదు. 1956 నాటి జాతీయ రహదారుల చట్టం ప్రకారం భూమి పోయేవాళ్లకు అభ్యంతరం చెప్పడానికి 21 రోజులు గడువుంది. దారి పోయేవాళ్లకు ఒక్క పూట కూడా లేదు. 1998లోనే అమెరికాలోని మేరీలాండ్‌లో ఇంజినీర్లు కూడి, తారు అంచు దాటి ఊరిని కూడా చూసి గీయాలని మాట్లాడుకున్నారు. అంత దూరం వద్దు. పొద్దున ఏడుకు ఆ దిమ్మెల దగ్గర నిలబడితే చాలు. బడి పిల్లలు సంచులు అవతలికి విసిరి, దిమ్మె ఎక్కి దూకుతున్నారు.

కింది దారి కట్టేదాకా ఒక్క దిమ్మె తీయించాలి. ఒక మనిషి, ఒక గొర్రె పట్టేంత చాలు. బండ్లు నెమ్మదించడానికి ముందర ఒక పసుపు దీపం, రెండు గట్లు వేయించాలి. దండం పెట్టి అడుగుతున్నాం.

ఇట్లు,
ఇల్లు ఇటుపక్క, చేను అటుపక్క ఉన్నవాళ్లు.