నేను 9 ఎం.ఎం. తూటాను

నా కొలతలే నా పేరు: 9×19. గుండు వ్యాసం 9 మిల్లీమీటర్లు, ఇత్తడి గొట్టం పొడవు 19. జర్మనీలో గెయార్గ్ లూగర్ తన పాత 7.65 తూటా మెడను వెడల్పు చేసి నన్ను తయారుచేశాడు. 1904లో జర్మన్ నౌకాదళం, 1908లో సైన్యం నన్ను స్వీకరించాయి. అప్పటి నుంచీ నా మీద ఒకటే నింద, చిన్నదాన్నని. వ్యాసం ఒక్కటే చూసి తూటాను ఎంచకూడదన్నది నా వాదన. అది ఏ తుపాకీలో ఇమడాలి, ఒంట్లోకి ఎంత లోతు దిగాలి, పేల్చే చెయ్యి దాన్ని ఎంతవరకు అదుపు చేయగలదు అన్నవి ముందు తేలాలి.

తుపాకీ సంగతే మొదట చూడండి. .38 స్పెషల్ లాంటి రివాల్వర్ తూటాకు అడుగున అంచు ఉంటుంది. తూటా గదిలోకి జారిపోకుండా ఆపేదీ, పేలాక ఖాళీ గొట్టాన్ని బయటికి నెట్టడానికి పట్టునిచ్చేదీ ఆ అంచే. పిస్టల్ మ్యాగజైనులో అదే అడ్డు; ఒకదాని అంచు మరొకదానికి తగులుకుంటుంది. నాకు పొడుచుకొచ్చిన అంచు లేదు, పైగా పొట్టిదాన్ని. అందుకే బెరెటా పిస్టల్ పిడిలో 15 ఇమిడిపోతాం. రివాల్వర్‌లో సాధారణంగా పట్టేవి ఆరు. అయితే రివాల్వర్‌ను తక్కువ చేయను. పిస్టల్ తర్వాతి తూటాను ఎక్కించుకోవాలంటే నేను తగినంత బలంగా పేలాలి. రివాల్వర్‌కు ఆ అక్కర లేదు, తేలికపాటి తూటాతోనూ నడుస్తుంది. ఒకటి పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు.

పెద్ద గుండే మేలనేవారు ఫిలిప్పీన్స్‌ను గుర్తుచేస్తారు. అక్కడ మోరో యోధులను అమెరికా సైనికుల .38 రివాల్వర్లు నిలువరించలేకపోయాయి. 1904లో షికాగో పశువధశాలల్లో పరీక్షలు జరిపి, సైనిక పిస్టల్ .45కు తగ్గకూడదని తేల్చారు. ఆ పరీక్షల్లో నేనూ ఉన్నాను. కానీ కొద్దిపాటి పశువుల మీద, కళేబరాల మీద చేసిన ప్రయోగం నుంచి అంత పెద్ద తీర్పు రాబట్టడం న్యాయం కాదు.

దానికన్నా బరువైన అభ్యంతరం 1986 నాటి మయామీ కాల్పులది. నా గుండు ఒక దోపిడీదారు చేతిని చీల్చుకుని ఛాతీలోకి దిగింది, గుండెను చేరకముందే ఆగిపోయింది. అతను కాల్పులు ఆపలేదు. ఇద్దరు ఎఫ్‌బీఐ అధికారులు ప్రాణాలు కోల్పోయారు. ఆ లోపాన్ని నేను కాదనను. అయితే అది లోతుకు సంబంధించిన లోపం, వెడల్పుకు కాదు. ఆ తర్వాతే, ఒంటికి బదులుగా పరీక్షకు వాడే జెలటిన్ దిమ్మల్లో గుండు 12 నుంచి 18 అంగుళాలు దిగాలన్న కొలమానం స్థిరపడింది. ఎఫ్‌బీఐ ముందు 10 ఎం.ఎం.కు, ఆపైన 1990లో వచ్చిన .40కు మారింది. అవి చేతిని గట్టిగా తన్నాయి, గురి తప్పించాయి. ఈలోగా నా గుండు నిర్మాణం మెరుగుపడి ఆ లోతును అందుకుంది. 2010ల మధ్యలో ఎఫ్‌బీఐ మళ్లీ నా దగ్గరికే వచ్చింది. తగలని .45 కన్నా తగిలిన 9 ఎం.ఎం. మేలని వాళ్ల శిక్షకులే ఒప్పుకున్నట్టయింది.

భారతదేశంలో మాత్రం ఈ ఎంపిక చాలావరకు చట్టమే చేసేసింది. నేను నిషిద్ధ బోరును. పోలీసుల, సైన్యం చేతుల్లో ఉంటాను. మామూలు లైసెన్సుదారుకు ప్రభుత్వ కర్మాగారాలు తయారుచేసే .32 రివాల్వరో, .32 పిస్టలో దక్కుతుంది.