కలలో పాము వచ్చిందా?

వానలు పడ్డాయో లేదో, భద్రాచలం చుట్టుపక్కల ఉచిత హోమియో శిబిరాల ఫ్లెక్సీలూ మొలిచాయి. రోగిని 'సమగ్రంగా' చూస్తారట.

చర్ల అడవుల్లోంచి చలిజ్వరంతో పళ్లు టకటకలాడుతూ ఒకడొచ్చి కూర్చుంటాడు. ప్రశ్నలు మొదలు. ఉప్పు ఇష్టమా, తీపా? దాహమైతే గుక్కెడా, చెంబెడా? ఓదారిస్తే కోపమొస్తుందా? వస్తే నేట్రం మూర్ అనే మందు. ఉరుముకు భయమా? ఫాస్ఫరస్ పక్కన టిక్కు. కలలో పాములొస్తాయా?

ఈ పాము దగ్గరే నా ఓపిక చచ్చిపోతుంది. పోడు చేలో మంచె మీద పడుకునేవాడికి పాము కలలోకి రావడమెందుకు, మంచె కిందికే వస్తుంది. ఉరుముకు జడవనివాడు ఏ పిడుగుకో ఎప్పుడో పోయుంటాడు. ఎలుగుబంట్లు తిరిగే చోట చీకటంటే భయం లేకపోతే దానికి వేయాలి మందు! జర్మనీ గదుల్లో పుట్టిన ప్రశ్నలు గుత్తికోయ గూడెంలో అడిగితే, బతకనేర్చిన ప్రతివాడూ రోగే.

పైగా హోమియో మూలగ్రంథం 'ఆర్గనాన్'లో 153వ సూత్రం ఒకటుంది. తలనొప్పి, నీరసం, ఆకలి మందగించడం అందరికీ ఉండేవే, అంతగా లెక్కలోకి రావు. వింతగా, అరుదుగా కనిపించేదే అసలు లక్షణం. అలా వడపోస్తే మలేరియా జారిపోయి పాము మిగులుతుంది. 2020లో కోవిడ్‌కి ఆర్సెనికం ఆల్బం 30 పంచినప్పుడు మాత్రం ఎవరి కలా అడగలేదు. ఊరందరికీ ఒకటే గుళిక.

1790లో సింకోనా బెరడు తిని, చలిజ్వరం లక్షణాలు కనిపించాయని హానెమన్ ఈ వైద్యానికి పునాది వేశాడు. ఆ బెరడు నిజంగానే పనిచేసేది, అందులో క్వినైన్ ఉండబట్టి. ఈ గుళికల్లోనైతే, 30 పొటెన్సీ అంటే ఒకటి పక్కన అరవై సున్నాల వంతు పలచన. అణువు కూడా మిగలదు.

ఇక నవ్వలేను. ఫాల్సిపారం మలేరియా మీ ప్రశ్నలయ్యేదాకా ఆగదు. ఒక్కరోజులో ప్రాణం మీదికి తేగలదు. మలేరియాకు హోమియోపతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే చెప్పింది. ఆశా కార్యకర్త దగ్గరుండే మలేరియా పరీక్ష కిట్టుకి వేలి కొసన చుక్క నెత్తురు, పావుగంట చాలు. పొంగే వాగు దాటించి డోలీలో మోసుకొచ్చిన మనిషికి తీపి గుళికలిచ్చి 'వారం తర్వాత కనపడు' అంటారా? మళ్లీ మోసేదెవరు? మీరా?

శిబిరం పెట్టుకోండి. బల్ల మీద ముందు ఆ కిట్టు పెట్టండి. రెండో గీత కనబడ్డవాణ్ని మీ జీపులోనే పీహెచ్‌సీకి చేర్చండి. కలల సంగతి దారిలో అడగండి, కాలక్షేపానికి.