పసుపు డబ్బా వస్తే శుభమే

కోస్గిలో ఇంట్లో కంప్యూటర్ పెట్టుకున్న ప్రతివాడికీ ఒకనాడు ఈ అవమానం తప్పదు. ఏదో సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది, డబుల్ క్లిక్ కొడతాం, కంప్యూటర్ వద్దంటుంది. పైసలు పెట్టి కొన్నది మనం, కరెంటు బిల్లు కట్టేది మనం, వద్దనడానికి అదెవరు? పైగా 2023 డిసెంబరు నుంచి మనది ముఖ్యమంత్రి నియోజకవర్గం. కింది సలహాలను ఆ పౌరుషంతోనే పాటించాలి.

మొట్టమొదట, తెర మీద వచ్చిన మాటలు చదవకండి. చదివితే తేడాలు తెలుస్తాయి, తేడాలు తెలిస్తే పని ఆలస్యం. ‘ఈ యాప్ మీ పీసీలో నడవదు’ అని వస్తే అది ఒక రోగం: 64 బిట్ల సాఫ్ట్‌వేర్‌ను 32 బిట్ల విండోస్ మీద ఎక్కించబోయినా వస్తుంది, ఫైలు సగమే దిగినా వస్తుంది. ‘ఇంకో ఇన్‌స్టలేషన్ నడుస్తోంది’ అంటూ 1618 అనే అంకె చూపిస్తే అది వేరే రోగం: విండోస్ ఇన్‌స్టాలర్ ఒకసారికి ఒక పనే పట్టుకుంటుంది, ముందుది అయ్యేదాకానో, కంప్యూటర్ రీస్టార్ట్ చేసేదాకానో రెండోదాన్ని ముట్టదు. ఇవన్నీ తెలుసుకుంటూ కూర్చుంటే రోగానికో మందు వెతకాలి. మన దగ్గర సర్వరోగ నివారిణి ఉండగా ఎందుకా తిప్పలు? మళ్లీ డబుల్ క్లిక్ కొట్టండి. కాకపోతే ఇంకా గట్టిగా కొట్టండి. మౌస్ పోతే కొత్తది దొరుకుతుంది.

నీలం రంగు డబ్బా ఒకటి వచ్చి ‘విండోస్ మీ పీసీని కాపాడింది’ అని గొప్పలు పోతుంది. దాని పేరు స్మార్ట్‌స్క్రీన్. 2012లో విండోస్ 8తో మన నెత్తికెక్కింది. ఫైలు మీద తయారీదారు సంతకం ఉందా, ఇంతకుముందు దాన్ని ఎందరు దించుకున్నారు అని ఆరా తీయడం దాని పని. కొత్తగా వచ్చిన అమాయకపు సాఫ్ట్‌వేర్‌నూ అది ఒక్కోసారి అనుమానిస్తుంది. ఒకసారి తప్పు అనుమానించింది గనుక జీవితాంతం దాని మాట వినక్కర్లేదు. ‘మోర్ ఇన్ఫో’ అన్న చిన్న అక్షరాలు నొక్కితే ‘రన్ ఎనీవే’ బయటపడుతుంది. అక్కడే తయారీదారు పేరు కూడా బయటపడుతుంది, దాన్ని వేలితో మూసేయండి. ఫైలు మీద కుడి క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూసుకోవచ్చని చెప్పేవాళ్లూ ఉన్నారు. సంతలో ఎద్దును కొనేముందు నోరు తెరిచి పళ్లు చూస్తాం, నిజమే. ఫైలుకు పళ్లేవి? చూడ్డానికేమీ లేదు.

ఆ తర్వాత తెర మసకబారి ‘ఇది మీ కంప్యూటర్‌లో మార్పులు చేయవచ్చా’ అన్న ప్రశ్న వస్తుంది. 2007లో విస్టాతో మొదలైన చాదస్తమిది. ఎవరు చేశారో తెలిసిన ఫైలైతే పై పట్టీ నీలంగా ఉంటుంది, తెలియనిదైతే పసుపు. నీలం వస్తే కాస్త ఆలోచించండి. పసుపు వస్తే ఇక అడగక్కర్లేదు, పసుపు లేకుండా మన ఇళ్లలో ఏ శుభకార్యం మొదలైంది? కళ్లు మూసుకుని ‘ఎస్’ కొట్టండి. ఈ ప్రశ్న అసలే రాకూడదంటే కంట్రోల్ ప్యానెల్‌లో దీని మీటను అట్టడుగుకు లాగేసి, పదో తరగతి పోరనికి, ఐదో తరగతి పోరికి కూడా అడ్మినిస్ట్రేటర్ హోదా ఇచ్చేయండి. ఇంట్లో అందరూ సమానమే.

కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్ని ఎస్ మోడ్‌లో వస్తాయి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో ఉన్నవి తప్ప మరేవీ ఎక్కనివ్వవు. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్‌కు పోతే అక్కణ్నుంచే స్టోర్ తెరుచుకుని, పైసా ఖర్చు లేకుండా ఆ మోడ్ తీసేయొచ్చు, తీసేశాక మళ్లీ రాదు. కానీ పైసా తీసుకోకుండా ఎవడైనా మేలు చేస్తాడా? నమ్మకండి. బిల్లు పట్టుకుని దుకాణం ముందు లొల్లి పెట్టండి.

సి డ్రైవ్‌లో జాగా లేదంటే లోపలికి పోయి అన్నిటికన్నా లావుగా ఉన్న ఫోల్డర్‌ను వెతకండి. తరచుగా దాని పేరు ‘విండోస్’ అని ఉంటుంది. మీరెన్నడూ తెరవలేదు కాబట్టి అది మీకు అక్కరకు రానిది. ట్రయల్ గడువు అయిపోయిందంటే కంప్యూటర్ తేదీని 2010కి జరపండి. గడువు మాట దేవుడెరుగు, వెబ్‌సైట్లన్నీ నమ్మదగినవి కావని బ్రౌజర్ మొండికేస్తుంది, ఎందుకంటే వాటి సర్టిఫికెట్లకూ మొదలు, చివర తేదీలుంటాయి. మీసేవ తెరుచుకోదు, బ్యాంకు తెరుచుకోదు. కోస్గి మాత్రం మళ్లీ మహబూబ్‌నగర్ జిల్లాలో కలుస్తుంది. నారాయణపేట జిల్లా పుట్టింది 2019 ఫిబ్రవరిలో కదా.

ఇక అసలు సంగతి, పెళ్లికార్డులు. ఇంట్లోనే డీటీపీ పెట్టి నాలుగు రాళ్లు సంపాదించాలనుకునే ప్రతివాడికీ పేజ్‌మేకర్, అను ఫాంట్లు కావాలి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో, తర్వాత దాన్ని పట్టించుకున్న నాథుడు లేడు. అదే ఏడు వచ్చిన విండోస్ ఎక్స్‌పీలోనే గౌతమి ఫాంటుతో యూనికోడ్ తెలుగు ఉంది, 2019 నుంచి విండోస్ 10లో ‘అమ్మ’ అని ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడే కీబోర్డు కూడా ఉంది. సెట్టింగ్స్‌లో భాషల దగ్గర తెలుగు చేర్చుకుంటే చాలు, బయటి నుంచి ఏదీ ఎక్కించక్కర్లేదు. స్క్రైబస్, ఇంక్‌స్కేప్ లాంటివి ఉచితం, న్యాయం కూడా. న్యాయంగా దొరికేదాంట్లో మజా ఏముంది? బావను పిలవండి. ప్రతి ఇంటికీ ఒక బావ ఉంటాడు.

“బావా, క్రాక్ ఫైలు ముట్టంగనే యాంటీవైరస్ మింగేస్తున్నది.”

“దానికి మనం బాగుపడుడు ఇష్టం లేదు బామ్మర్దీ. బంద్ చెయ్.”

“వైరస్ అని రాస్తున్నది గదా?”

“క్రాక్ అంటే అన్నీ గట్లనే అంటయ్. అండ్ల రీడ్‌మీ ఉంటది సూడు, యాంటీవైరస్ తీసేసినంకనే నడుపుమని వాళ్లే రాసిన్రు.”

దొంగ వచ్చి కుక్కను కట్టేయమని ముందే చీటీ రాసి పెట్టడం ఎంత మర్యాద! ఆ మర్యాదను మన్నించి రియల్‌టైమ్ ప్రొటెక్షన్ ఆపండి, అడ్డం పడే ట్యాంపర్ ప్రొటెక్షన్‌నూ ఆపండి. అప్‌డేట్లు కూడా బంద్ పెట్టండి. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఒక అప్‌డేట్ ఇస్తే, వేసుకోని కంప్యూటర్లను మే 12న వానాక్రై వచ్చి పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లూ కొన్ని దాని వాత పడ్డాయి. పోలీసులకు జరిగిన సన్మానం మనకు జరిగితే చేదా?

క్రాక్ నడుస్తుంది. పేజ్‌మేకర్ తెరుచుకుంటుంది కూడా, బావ కాలర్ ఎగరేస్తాడు. కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతున్నట్టు ఒక కిటికీ వస్తే, బంద్ పెట్టిన అప్‌డేట్ ఎట్లా వచ్చిందని అడగకండి. 2018 నుంచి క్రాకుల వెంట తిరుగుతున్న స్టాప్ అనే రాన్సమ్‌వేర్, డీజేవీయూ అని కూడా అంటారు, ఆ కిటికీ చాటున మీ ఫైళ్లకు తాళం వేసుకుంటూ పోతుంది. అక్క పెళ్లి ఫొటోలు, పట్టా పాస్‌బుక్ స్కాన్లు, అన్నిటి పేర్లకూ వింత తోకలు మొలుస్తాయి. పక్కనే చీటీ: 980 డాలర్లు, 72 గంటల్లో అయితే 490. బేరమాడకుండానే సగానికి దిగే వ్యాపారి కోస్గి బజారులో కనిపిస్తే చెప్పండి. వెంటనే కట్టేయండి. ఎమ్సిసాఫ్ట్ వాళ్లు 2019 అక్టోబరులో 148 రకాలకు ఉచితంగా తాళంచెవి సాధనం ఇచ్చారు, తర్వాత వచ్చిన రకాల్లో చాలావాటికి అదీ పనిచేయదు, కాబట్టి మీది ఏ రకమో చూసుకునే శ్రమ వద్దు. బ్యాకప్ హార్డ్‌డిస్క్‌ను రాత్రింబవళ్లు తగిలించే ఉంచండి, దానికీ అదే ఊపులో తాళం పడుతుంది.

ఇట్లాంటివాడు ఒంటరిగా రాడు. బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులు ఎత్తుకెళ్లే చుట్టాన్ని కూడా తెస్తాడు. ఖాతాలో డబ్బు కదిలిందంటే 1930కి ఫోన్ చేయాలని, ఎంత త్వరగా చెబితే డబ్బును బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువని సైబర్ పోలీసులు చెబుతారు. మనకంత తొందరేం లేదు. ముందు బావకు ఫోన్ చేయండి. ఎత్తడు. నాలుగోసారి ఎత్తి, తన కంప్యూటర్ కూడా నిన్నటి నుంచి గట్లనే ఉందని, నీకేమన్నా మందు దొరికితే జెర చెప్పమని అడుగుతాడు.