వైస్ సిటీ పోలీసు కమిషనర్ గారికి ఒక పాత నేరస్తుడి అర్జీ

మహారాజశ్రీ వైస్ సిటీ పోలీసు కమిషనర్ గారి దివ్యసముఖమునకు,

విషయం: నగరం మళ్లీ తెరవబోతున్న సందర్భంగా తమ సిబ్బంది తెలివితేటల్ని అదుపులో ఉంచవలసిందిగా ప్రార్థన.

ఆర్యా,

తమ నగరానికి నేను పాతకాపుని. 2002లో వచ్చిన ‘గ్రాండ్ థెఫ్ట్ ఆటో: వైస్ సిటీ’ వీడియో ఆటలో టామీ వెర్సెట్టి అనే పూలచొక్కా పెద్దమనిషి ఎత్తుకుపోయిన కార్లు, గుద్దిన దీపస్తంభాలు, చెల్లాచెదురు చేసిన ఫుట్‌పాత్ జనం, అన్నీ నా పేరున రాస్తే తమ రికార్డు గది చాలదు. అయినా నా మీద ఒక్క కేసూ లేదు. ఉండదు కూడా. ఎందుకంటే తమ శాఖకి మతిమరుపు. ఆ మతిమరుపుని నోరారా మెచ్చుకుందామనీ, అదెక్కడ నయమైపోతుందోనన్న బెంగ చెప్పుకుందామనీ ఈ అర్జీ.

గ్రాండ్ థెఫ్ట్ ఆటో ఆరో భాగంలో తమ ఊరు మళ్లీ తెరుస్తున్నామని 2023 డిసెంబరులో మొదటి ట్రైలర్ వదిలారు. 2025లో అన్నారు. తరవాత 2026 మే 26 అన్నారు. అదీ పోయి నవంబరు 19 దగ్గరికి వచ్చింది. ఐదో భాగం వచ్చింది 2013 సెప్టెంబరులో. ఆ నెలలో పుట్టిన పిల్లలకి నూనూగు మీసాలొచ్చే వేళయింది గానీ ఈ ఆట ఆడే వయసు మాత్రం ఇంకా రాలేదు. అయినా వాయిదాల మీద నాకు పేచీ లేదు. సంక్రాంతి అని పోస్టరు వేసిన సినిమా దసరాకి వచ్చినా ఈలలేసి చూసిన జాతి మాది. నా దిగులంతా తమ కానిస్టేబుళ్ల గురించే.

అసలు ఈ సిరీస్ పుట్టిందే పోలీసుల తెలివితక్కువతనం వల్ల. స్కాట్లాండులోని డండీలో డీఎంఏ డిజైన్ అనే కంపెనీ ‘రేస్ ఎన్ చేజ్’ పేరుతో ఓ దొంగా పోలీసు ఆట తయారుచేస్తుండేది. అందులో పోలీసు వేషం కూడా కట్టొచ్చు. బుద్ధిగా సిగ్నళ్ల దగ్గర ఆగి దొంగల్ని పట్టుకోవాలి. ఆట చప్పగా ఉండి మూలపడే స్థితికొచ్చింది. అంతలో ప్రోగ్రాంలో ఏదో తేడా చేసి పోలీసు కార్లకి పిచ్చెక్కింది. దారీ తెన్నూ చూసుకోకుండా వచ్చి ఆటగాడి బండిని గుద్దడం మొదలెట్టాయి. ఆడి చూసేవాళ్లకి మిగతా ఆట కంటే అదే నచ్చింది. ఆ పిచ్చినే పెట్టుబడిగా పెట్టి 1997లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో విడుదల చేశారు. ఆ మొదటి ఆటలోని మూడు ఊళ్లలో తమ వైస్ సిటీ ఒకటి. అంటే ఈ సంస్థానానికి మూలపురుషుడు బుర్ర చెడిన ఒక పోలీసు కారు. తమ ఆఫీసు గోడ మీద ఎవరి పటం కట్టించి పెట్టారో తెలియదు గానీ, పెట్టవలసింది దాన్నే.

ఇక తమ ఊరి పోలీసుల సంగతి. నేను కారు దొంగిలిస్తాను. పోలీసులు వెంటపడుతున్నారనడానికి గుర్తుగా తెర మీద కుడివైపు మూల చుక్కలు వెలుగుతాయి. మూడు చుక్కలైతే మఫ్టీలో ఉన్న తమ డిటెక్టివులు చీటా స్పోర్ట్స్ కారులో వెంటపడతారు. జీతాలకి అంత కారు ఎలా వచ్చిందని మేమెప్పుడూ అడగలేదు. ఆరు చుక్కలైతే మిలిటరీ ట్యాంకులు దిగుతాయి. అప్పుడు నేను పే అండ్ స్ప్రే అనే కార్లకి రంగులేసే షెడ్డులోకి దూరుతాను. షట్టరు దిగుతుంది, ఒక్క క్షణం ఆగుతుంది, మళ్లీ లేస్తుంది. ఎర్ర కారు నీలం కారవుతుంది. గుమ్మంలోనే తుపాకులు పట్టుకు నిలబడ్డ తమవాళ్లు నా మొహంలోకి చూసి, ఎవరో పరాయివాడనుకుని తప్పుకుంటారు. చుక్కలు కాసేపు మినుకుమినుకుమంటాయి. ఆ కాసేపూ బుద్ధిగా ఉంటే చాలు, పాపం కడుక్కున్నట్టే.

అంతకంటే గొప్ప విషయం ఇంకోటుంది. తమ పోలీసు కారునే ఎత్తుకుపోయి ఒక మీట నొక్కితే, వైర్‌లెస్సులో ఫలానా చోట దొంగలున్నారు పట్టుకోమని నాకే పని అప్పజెప్పేవారు. పట్టుకుంటే డబ్బులిచ్చేవారు. దొంగని ఇంత నమ్మిన పోలీసు శాఖ చరిత్రలో లేదు.

మా ఊరి నెట్ సెంటర్లో ఈ వెసులుబాటు కూడా చాలని పిల్లలుండేవాళ్లు. వాళ్ల నోటుపుస్తకాల చివరి పేజీలో కోడ్లుండేవి. ‘పాంజర్’ అని కొడితే ఆకాశంలోంచి ట్యాంకు. ‘లీవ్ మీ అలోన్’ అని ఖాళీలు లేకుండా కొడితే చుక్కలన్నీ మాయం. నేను తప్పుల్లేకుండా రాయగలిగిన మొదటి ఇంగ్లీషు వాక్యం అదే. మిషన్లు పూర్తిచేసినవాళ్లు మాలో తక్కువ. బొమ్మ హెలికాప్టరుతో బాంబులు మోసుకెళ్లి కట్టడం కూల్చే మిషన్ దగ్గర ఏడవనివాడు లేడు. తుపాను హెచ్చరిక పేరు చెప్పి వంతెనలు మూసేస్తే అవి ఎప్పుడు తెరుస్తారో తెలియక తూర్పు దీవిలోనే కాలక్షేపం చేసేవాళ్లం. చేసేదేమీ లేదు గనక స్కూటరెక్కి సముద్రం ఒడ్డున వెళ్లేవాళ్లం. రేడియోలో ఎమోషన్ 98.3లో ఫెర్నాండో కబుర్లు. వాన వస్తే జనం పరిగెత్తడం చూడటం. టామీకి ఈత రాదు గనక నీళ్ల దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ తిరుగుడే మాకు ఆట. తమవాళ్లు మరిచిపోబట్టే అది సాగింది. నిమిషం కిందటి తప్పుని పట్టుకు వేళ్లాడే ఊళ్లో ఎవడు షికారు చెయ్యగలడు?

తరవాత్తరవాత తమ శాఖకి చదువు అబ్బింది. 2008లో నాలుగో భాగంలో మ్యాపు మీద గిరి గీశారు. ఆ గిరి దాటి బయటపడాలి. ఐదో భాగంలో ఒక్కో పోలీసు ముందు చూపు ఎంతమేర పారుతుందో మ్యాపులో కనబడేది. ఆ చూపులో పడకుండా సందుల్లో నక్కాలి. అది కూడా సరదాగానే ఉంది, ఒప్పుకుంటాను. 2018లో అదే రాక్‌స్టార్ కంపెనీ రెడ్ డెడ్ రిడంప్షన్ రెండో భాగం తీసింది. అందులో దారినపోయే దానయ్య నేను చేసింది చూసి, గుర్రమెక్కి పోలీసులకి చెప్పొస్తాడు. నా తలకి వెల కడతారు. ఆ వెల చెల్లించేదాకా ఆ ప్రాంతంలో నెమ్మది లేదు. చాలా గొప్ప ఆట, కాదనను. కానీ పొరపాటున గుర్రంతో ఎవణ్ణో రాసుకుపోయినందుకు అరగంట సంజాయిషీ చెప్పుకున్న మనిషిగా అంటున్నాను, ఆ పద్ధతి తమ ఊరికి రాకూడదు. ఆరో భాగం ట్రైలర్లో చూస్తే జనం చేతుల్లో ఫోన్లు, సగం దృశ్యాలు ఎవరో తీసి పెట్టిన వీడియోల్లా ఉన్నాయి. దుకాణంలోకి మొసలి వచ్చినా ఎవడో తీశాడు. గుర్రమెక్కి వెళ్లి చెప్పేవాణ్ణే తప్పించుకోలేకపోయాను, చేతిలో ఫోనున్న ఊరిని ఎలా తప్పించుకోను?

బాగు చేద్దామని చెడగొట్టిన ఉదాహరణ రాక్‌స్టార్ వాళ్లింట్లోనే ఉంది. 2021లో తమ ఊరితో సహా మూడు పాత ఆటల్ని కలిపి కొత్త మెరుగులు దిద్ది అమ్మారు. ‘టఫ్ నట్ డోనట్స్’ అనే కొట్టు మీద ఆరు పలకల నట్టు బొమ్మ ఉంటుంది. అదే ఆ బోర్డులోని హాస్యం. నునుపు చెయ్యబోయి ఆ పలకలు చెరిపేసి గుండ్రం చేశారు. వాన గీతలు కళ్లకి అడ్డం పడి రోడ్డే కనబడలేదు. చివరికి కంపెనీ క్షమాపణ చెప్పుకుంది. తమ ఊరి ఆటలో మొదటి కారు ఎక్కగానే రేడియోలో మోగిన మైకేల్ జాక్సన్ ‘బిలీ జీన్’ కూడా తరవాతి కూర్పుల్లోంచి ఎగిరిపోయింది. కార్లు దొంగిలించే ఊళ్లో పాటకి మాత్రం లైసెన్సు కావాలి మరి.

ఇంకో భయముంది. ఐదో భాగం తాలూకు జీటీఏ ఆన్‌లైన్లో లెస్టర్ అనే పాత్రకి ఫోను చేసి సొమ్ము కడితే అక్కడి పోలీసులు నన్ను మరిచిపోతారు. ఆ ఆటసొమ్మునే షార్క్ కార్డుల పేరుతో అసలు డబ్బుకి అమ్ముతారు. 20 కోట్ల పైచిలుకు అమ్ముడైన ఐదో భాగానికి కొత్త కథ రాకపోగా ఈ దుకాణం మాత్రం ఏళ్ల తరబడి తెరిచే ఉంది. తమ మతిమరుపు ప్రకృతి సిద్ధమైనది. దానికి రేటు కట్టనివ్వకండి.

ఆశలూ లేకపోలేదు. ఆరో భాగం నాయిక లూసియాని ట్రైలర్ మొదట్లోనే జైల్లో చూపించారు. తమ శాఖ ఒకళ్లనైనా లోపల వేసినందుకు అభినందనలు. రాక్‌స్టార్‌కి బెంగళూరులో స్టూడియో ఉంది, 2019లో ధ్రువ ఇంటరాక్టివ్‌ని కొని అందులో కలుపుకున్నారు. బెంగళూరు రోడ్ల మీద ఆఫీసుకి పోయొచ్చే మనుషులెవరైనా తమ ట్రాఫిక్ మీద చెయ్యి వేసి ఉంటే, అక్కడ ఏ పోలీసూ ఎవర్నీ సమయానికి పట్టుకోలేడని నా నమ్మకం.

చివరిగా ఒక మనవి. నవంబరులో ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ ఉన్నవాళ్లకే ప్రవేశమట. నాకున్నది కంప్యూటరు. ఐదో భాగమప్పుడు కంప్యూటరు వాళ్లని 2015 ఏప్రిల్ దాకా గేటు బయట నిలబెట్టారు. ఈసారీ అంతేనేమో. ఈలోగా ముందొచ్చిన దొంగల మీద చెయ్యి తిప్పుకుని తమ కానిస్టేబుళ్లు రాటుదేలిపోకుండా చూడగలరు. వాళ్లని నేను వచ్చేదాకా శిక్షణకి పంపవద్దు.

ఇట్లు,
తమ విధేయుడు,
(పేరు తమ రికార్డుల్లో లేదు)

ప్రతి: పే అండ్ స్ప్రే యజమానికి, నీలం రంగు నిల్వ ఉంచవలసిందిగా, తగు చర్య నిమిత్తం.